ముహూర్తానికి వేడెక్కిన మంచుబండి

బెండకాయల తోకలు విరిచి చూడకుండా పరంధామయ్య ఏనాడూ కొన్న పాపాన పోలేదు. షికాగో దగ్గర అరోరాలోని ఇండియన్ స్టోరు వాళ్ళు కూరగాయల దగ్గర "దయచేసి విరవకండి" అని బోర్డు పెట్టింది ఆయనొక్కడి కోసమేనని ఊరంతటికీ తెలుసు, ఆయనకి తప్ప. పుచ్చకాయని చెవి దగ్గర పెట్టుకుని మృదంగంలా వాయిస్తాడు. టూత్ బ్రష్షు కొనాలంటే వారాల తరబడి రివ్యూలు చదువుతాడు. దేవుడు ఉద్యోగం కూడా అందుకు తగ్గదే ఇచ్చాడు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాములకి వంకలు పెట్టడం ఆయన పని. స్నేహితులు ముద్దుగా పరీక్షల పరంధామయ్య అంటారు.

అలాంటి మనిషి మూతైనా ఎత్తి చూడకుండా మంచు మీద నడిపే పాత మోటారు బండి, స్నోమొబైల్, కొన్నాడంటే ఎవరూ నమ్మరు. ఎందుకు కొన్నాడో ముందు చెప్పాలి. లేకపోతే ఆయన మీద మీకు జాలి కలగదు, ఆ కాస్త జాలీ లేకపోతే ఈ కథలో ఆయనకి దక్కేది ఏమీ ఉండదు.

ఆయన కూతురు నైనికకి పద్నాలుగేళ్ళు. చిన్నప్పుడు తండ్రి మెడ వదిలేది కాదు. ఈమధ్య మాత్రం "ఓకే" అనీ, "డోర్ క్లోజ్ చెయ్యి" అనీ తప్ప ఆయనతో మాట్లాడటం మానేసింది. అలాంటిది డిసెంబరులో ఒక ఆదివారం భోజనాల దగ్గర ఒక పూర్తి వాక్యం మాట్లాడింది.

"అనుష్క వాళ్ళ డాడీ ప్రతి వింటర్ వాళ్ళని స్నోమొబైలింగ్‌కి తీసుకెళ్తాడు. మనం వింటర్‌లో, వింటర్ ఎప్పుడు అయిపోతుందా అని వెయిట్ చేస్తాం."

భార్య కనకదుర్గ నవ్వింది. పరంధామయ్య నవ్వలేదు. ఆ వాక్యం పప్పన్నంతో పాటు లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. నైనిక స్నేహితురాలు అనుష్క తండ్రి శశికాంత్ ఏం చేసినా కొత్త వస్తువుతో, ఫోటోలతో చేస్తాడు. తన కూతురు తన గురించి కూడా అలా ఒక్కసారి చెప్పుకోవాలని పరంధామయ్యకి ప్రాణం కొట్టుకుంది.

కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో పాతవి వెతికాడు. దుర్గకి చెప్పలేదు. ఆవిడకి ఒక రూలుంది. పాత సామాను ఏది కొన్నా ముందు తనకి చెప్పాలి. ఆ రూలు పుట్టడానికి కారణమైన సెకండ్ హ్యాండ్ ట్రెడ్‌మిల్ ఇప్పటికీ బేస్‌మెంట్‌లో చీరలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది.

డీకాల్బ్ ఊరవతల డేల్ అనే రైతు తన స్నోమొబైల్ అమ్మకానికి పెట్టాడు. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. పరంధామయ్య వెంటనే మెసేజ్ పెట్టాడు. ఇంజన్ ఎలా ఉందని అడగలేదు. శనివారం రాహుకాలం వదిలాక వస్తాననీ, తన మొదటి కారు రాహుకాలంలో కొంటే వారం తిరగకుండా జింక వచ్చి గుద్దిందనీ, ఈసారి అలాంటి పొరపాటు జరగకూడదనీ రాశాడు. "మంచి ఘడియ చాలా చిన్నది. సరిగ్గా ఆ టైమ్‌కి ఇంజన్ మొదటిసారికే స్టార్ట్ అవ్వాలి. ఇది మా ఆచారం. మొరాయిస్తే అపశకునం," అని కూడా రాశాడు.

డేల్ మర్యాదస్థుడు. తప్పకుండా చూసుకుంటానన్నాడు.

శనివారం సరుకులకి కాస్ట్‌కోకి అని దుర్గకి చెప్పి, ట్రెయిలర్ అద్దెకి తీసుకుని, జేబులో నాలుగు నిమ్మకాయలతో, సంచిలో కొబ్బరికాయతో పరంధామయ్య బయల్దేరాడు. డేల్ బండి పక్కనే నిలబడి ఉన్నాడు. బండి మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. అంత చలిలో ఆ వెచ్చదనం పరంధామయ్యకి ఎంతో ఆప్యాయంగా అనిపించింది.

"చలి పొద్దుల్లో ఇది కాస్త..." అని డేల్ ఏదో మొదలుపెట్టాడు.

"ప్లీజ్. మంచి టైమ్‌లో నెగెటివ్ మాటలు వద్దు," అన్నాడు పరంధామయ్య, ఫోన్‌లో పంచాంగం చూసుకుంటూ.

"పోనీ రేపు రా, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి చూద్దువుగాని."

"రేపు అమావాస్య," అన్నాడు పరంధామయ్య.

డేల్‌కి అమావాస్య అర్థం కాలేదు కానీ మొహం చూసి ఊరుకున్నాడు. ఘడియ వచ్చింది. పరంధామయ్య కళ్ళు మూసుకుని ఇంజన్ స్టార్ట్ చేసే తాడు లాగాడు. మొదటి లాగుకే బండి గర్జించింది. ముందున్న రెండు స్కీ పట్టీల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, ఆ చిప్పల్లో ఒకటి డేల్ చేతిలో పెట్టి ఇంటికొచ్చాడు.

దుర్గ గరాజ్‌లోకి వచ్చి బండిని చూసింది, భర్తని చూసింది.

"కాస్ట్‌కోలో ఇవి కూడా అమ్ముతున్నారా?"

"సర్‌ప్రైజ్ చేద్దామని."

"చేశారు. ఇంజన్ చూశారా?"

"ఒక్క లాగుకే స్టార్ట్ అయింది."

"చలిలోనా?"

"ముహూర్తంలో."

"ముహూర్తంలో పెళ్ళి కూడా బానే స్టార్ట్ అయిందండీ," అంది దుర్గ. "తర్వాత సంగతి అడుగుతున్నాను."

అంతలో నైనిక వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "డాడీ, ఇది మనదా?" అంది. సీటు మీద కూర్చుని ఫోటో తీసుకుని అనుష్కకి పంపింది. ఆ సాయంత్రం ఆమె తండ్రి పక్కన కూర్చుని పది నిమిషాలు కబుర్లు చెప్పింది. పరంధామయ్యకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆనందంతో.

ఆ తర్వాతి వారాంతం శశికాంత్ కుటుంబంతో కలిసి అడవిలో మంచుబండ్లు నడిపే ట్రెయిల్‌కి వెళ్ళారు. శశికాంత్ తన కొత్త బండికి ఉన్న బటన్ నొక్కాడు. అది బుద్ధిగా స్టార్ట్ అయింది. పరంధామయ్య గొంతు సవరించుకుని తాడు లాగాడు. బండి దగ్గింది. మళ్ళీ లాగాడు. ఈసారి దగ్గను కూడా లేదు. జాకెట్ విప్పి లాగాడు. స్వెటర్ విప్పి లాగాడు. ఇక విప్పడానికి మర్యాదైనవి ఏవీ మిగల్లేదు. అటుగా వెళ్ళే అమెరికన్లు ఆగి ఒక్కొక్క సలహా ఇచ్చి, భుజం తట్టి వెళ్ళారు. కొందరు తాడు కూడా లాగి వెళ్ళారు.

"తాడు తెగేలా ఉంది. ఇక ఊరుకోండి," అంది దుర్గ మెల్లగా.

"స్పార్క్ ప్లగ్ అయ్యుంటుంది," అన్నాడు పరంధామయ్య, స్పార్క్ ప్లగ్ ఎక్కడుంటుందో తెలియకుండానే.

శశికాంత్ మంచివాడు, అదే బాధ. "రా నైనికా, మా బండి ఎక్కు," అన్నాడు. నైనిక ఒకసారి తండ్రి వైపు చూసి, తల దించుకుని వెళ్ళి అనుష్క వెనక కూర్చుంది. పరంధామయ్య చచ్చిన బండి మీద కూర్చుని, పిల్లలు చెట్ల వెనక మాయమయ్యేదాకా చెయ్యి ఊపాడు. సిగ్గుతో ఆయన చెవులు అంత చలిలోనూ మండిపోయాయి.

రిపేరు షాపులో తేలిందేమిటంటే, ఉన్న రెండు సిలిండర్లలో ఒకటి పూర్తిగా అరిగిపోయింది. ఒకసారి వేడెక్కితే ఎలాగో నడుస్తుంది, చల్లారితే మళ్ళీ లేవదు. బాగుచెయ్యడానికయ్యే ఖర్చుతో ఇలాంటిదే ఇంకొకటి కొనుక్కోవచ్చన్నారు. పరంధామయ్య మండిపడుతూ డేల్‌కి మెసేజ్ పెట్టాడు. డేల్ నొచ్చుకుంటూ జవాబిచ్చాడు.

"చెప్పబోతే నువ్వే వద్దన్నావు. మీ పూజకి మొదటిసారికే స్టార్ట్ అవ్వాలన్నావుగా, అందుకని నేను తెల్లారకముందే లేచి దాన్ని వేడి చేస్తూ కూర్చున్నాను. మీ ఆచారం చెడకూడదని."

పరంధామయ్య అది చాలాసార్లు చదివాడు. మోసపోయానని చెప్పుకోవడానికి మోసం చేసినవాడంటూ ఒకడు కావాలి కదా. ఇక్కడ వాడు కూడా లేడు. తనని మోసం చెయ్యమని తానే బతిమాలి, టైమ్ కూడా ఇచ్చి మరీ చేయించుకున్నాడు.

ఈ విషయం కూతురికి ఎలా చెప్పడం? "డాడీ, ప్రాబ్లమ్ ఏంటి?" అని నైనిక అడిగినప్పుడు, "చిన్నది. నేనే ఫిక్స్ చేసేశాను," అన్నాడు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "నిజంగా? యూ ఫిక్స్‌డ్ ఇట్?" అంది. అబద్ధం అంత తియ్యగా ఉంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

ఫిక్స్ చేసిన బండిని ఇంట్లో ఉంచుకుంటే ఎక్కాలి. అందుకని అమ్మేయాలి. టైమ్ దొరకడం లేదు, అందుకే అమ్ముతున్నానని నైనికకి చెప్పి యాడ్ పెట్టాడు.

"చెప్పి అమ్ముతారా, చెప్పకుండానా?" అని అడిగింది దుర్గ. షాపు వాళ్ళ మెసేజ్ ఇంటి ఫోన్‌లో ఆవిడే విన్నది. డేల్ జవాబు కూడా చదివింది.

"అడిగితే చెప్తాను."

"అడక్కపోతే?"

"అడగనివాడి మీద పడి చెప్పడం బాగోదు కదా దుర్గా."

"డేల్ మీ మీద పడి చెప్పబోయాడు," అంది దుర్గ. అని బియ్యం కడగడానికి వెళ్ళిపోయింది. ఆవిడ అంతటితో ఊరుకుందంటే భయపడాల్సింది, కానీ ఆయన సంతోషించాడు.

రెండు రోజుల్లో ఫోన్ వచ్చింది. సాయి తేజ అనే కుర్రాడు. ఊరు కరీంనగర్, షికాగోలో ఎం.ఎస్. చదువుతున్నాడు.

"యాడ్ల మీ పేరు సూడంగనే మనోళ్ళే అనుకున్న అన్నా. రూమ్మేట్స్ అందరం కలిసి కొంటున్నం. ఇంజన్ మంచిగున్నదా?"

అడగనే అడిగాడు. పరంధామయ్య ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఒక్క లాగుకే స్టార్ట్ అవుతుంది," అన్నాడు. ఈ మాట అబద్ధం కాదు కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. ఎప్పుడు లాగాలో చెప్పలేదు, అంతే.

ఆదివారం సాయి తేజ వచ్చే వేళకి బండి వేడిగా ఉండాలి. దుర్గ వంటలో ఉంది, నైనిక ఇంకా లేచినట్టు లేదు. పరంధామయ్య గరాజ్ తలుపు ఎత్తి, హెయిర్ డ్రయ్యర్ తెచ్చి తలంటు పోసిన పసిపిల్ల జుట్టు ఆరబెట్టినట్టు ఇంజన్‌ని ఆరబెట్టాడు. ఆ తర్వాత భుజం పీకేలా తాడు లాగితే ఎట్టకేలకు లేచింది. అది వేడెక్కేదాకా నడిపి, ఆపి, పాత దుప్పటి కప్పి, చెమట తుడుచుకుని లోపలికొచ్చాడు. అదే సమయానికి బెల్ మోగింది.

ఫోన్‌లో అన్నా అన్న సాయి తేజ, గుమ్మంలో ఆయన బట్టతల చూసి, "నమస్తే అంకుల్," అన్నాడు. వెనక నుంచి దుర్గ రాగానే, "నమస్తే అక్కా," అన్నాడు. పరంధామయ్య అది కూడా మింగాడు.

"పద, గరాజ్‌లో ఉంది. ఒక్క నిమిషంలో చూసేయొచ్చు," అన్నాడు తొందరగా.

"అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే తీసుకుపోతారా?" అంది దుర్గ. "ముందు అన్నం తిను బాబూ. బండి ఎక్కడికీ పోదు."

బండి నిజంగానే ఎక్కడికీ పోదని ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. పరంధామయ్య భార్య మొహంలోకి చూశాడు. ఆవిడ మొహంలో ఆతిథ్యం తప్ప మరేమీ లేదు. బల్ల మీద మాత్రం పెళ్ళివారికి చేసినట్టు వంట ఉంది. ముద్దపప్పు, గోంగూర, గుత్తి వంకాయ, దొండకాయ వేపుడు, మజ్జిగ పులుసు, పులిహోర, గారెలు.

"చూసొచ్చి తింటాడులే దుర్గా."

"గారెలు చల్లారిపోతాయండీ," అంది దుర్గ. "కొన్ని వేడి మీదే బాగుంటాయి."

పరంధామయ్య ఒక్కసారిగా కుర్చీలో కూలబడ్డాడు. పెళ్ళాం ఏం చేస్తోందో అప్పుడు అర్థమైంది. కానీ అన్నం పెట్టొద్దని ఏ మొగుడు అనగలడు?

నైనిక కూడా వచ్చి కూర్చుంది. సాయి తేజ నెలల తరబడి నూడిల్స్ మీద బతుకుతున్న మనిషి. మొదటి ముద్దకి కళ్ళు మూసుకున్నాడు. రెండో ముద్దకి వాళ్ళ అమ్మని తలుచుకున్నాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. దుర్గ వడ్డిస్తూనే ఉంది. అవతల గరాజ్‌లో ఇంజన్ చల్లారుతూనే ఉంది.

పప్పు దగ్గర గోరువెచ్చగా ఉంటుంది, అనుకున్నాడు పరంధామయ్య. వంకాయ దగ్గర ఇంకా ఆశ ఉంది. మజ్జిగ పులుసు వచ్చేసరికి ఆయనకే చలేసింది.

"కారు కీస్ గరాజ్‌లో మర్చిపోయాను. ఇప్పుడే వస్తా," అని లేవబోయాడు.

"అతిథి తింటుంటే ఇంటాయన లేస్తాడా? కూర్చోండి," అంది దుర్గ. "తేజా, పులిహోర వేసుకోలేదు."

"పెట్టక్కా," అన్నాడు సాయి తేజ. పరంధామయ్య ఆ కుర్రాడి కంచం వైపు చూశాడు. అన్నం మీద అంత పగ ఆయనకి జన్మలో ఎప్పుడూ కలగలేదు.

పెరుగన్నం కూడా రెండుసార్లు అయింది. చేతులు కడుక్కుని సాయి తేజ జేబులోంచి కవరు తీశాడు.

"తీస్కోండి అంకుల్."

"బండి చూడవా?" అన్నాడు పరంధామయ్య.

"సూసేదేముంది అంకుల్. మీ ఇంట్ల బువ్వ తిన్న. ఇంత మంచిగ సూసుకున్నోళ్ళు ఇంజన్ల మోసం జేస్తరా?"

కవరు అందుకుంటే చాలు, అంతా అయిపోతుంది. దుర్గ వేసిన ఎత్తు చిత్తయిపోయింది. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ గిన్నె మీద మూత పెడుతోంది, తలెత్తలేదు.

"ఇట్స్ ఎ గుడ్ బండి," అంది నైనిక, సాయి తేజతో. "ముందు పాడైంది. మా డాడీయే ఫిక్స్ చేశాడు. ఆల్ బై హిమ్‌సెల్ఫ్."

ఇన్నాళ్ళూ ఆ పిల్ల నోట వినాలని ఆయన ఆశపడ్డ మాట అదే. ఇదిగో, ఇంకొకరి ముందు, ఆయన గురించి గొప్పగా అంది. పరంధామయ్య చెయ్యి కవరు దాకా వెళ్ళి ఆగిపోయింది. అక్కడి నుంచి ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. ఎక్కడైనా నేల చీలితే బాగుండుననిపించింది, కానీ దుర్గ మొన్ననే కొత్త టైల్స్ వేయించింది.

"నేను ఫిక్స్ చెయ్యలేదు తేజా," అన్నాడు. మొదటి మాట వచ్చాక మిగతావి ఆగలేదు. "ఒక సిలిండర్ పోయింది. చల్లగా ఉంటే స్టార్ట్ అవ్వదు. నువ్వు వస్తున్నావని ముందే వేడి చేసి పెట్టాను. నీకు చెప్పకుండా అమ్ముదామనుకున్నాను. నైనికా, నీక్కూడా అబద్ధం చెప్పాను."

పరంధామయ్య తల ఎత్తలేదు. నలభై ఏడేళ్ళు వచ్చి, తిండికి మొహం వాచిన కుర్రాడికి పాడైన బండి అంటగట్టబోయాడు. అదీ కూతురి దగ్గర గొప్ప కోసం.

సాయి తేజ కవరు మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. "ఏం గాదు అంకుల్. సెప్పిండ్రు గదా," అన్నాడు. ఆ కుర్రాడే ఓదార్చాల్సి రావడం ఇంకా నామోషీగా ఉంది. దుర్గ గోంగూర సీసా, మిగిలిన గారెలు కట్టి ఇచ్చింది. మళ్ళీ ఆదివారం రమ్మంది, భోజనానికి మాత్రమే అంది.

తలుపు మూసుకున్నాక పరంధామయ్య కూతురి వైపు తిరిగాడు. "సారీ అమ్మా. నీకు ముందే చెప్పాల్సింది."

"నాకు తెలుసు," అంది నైనిక.

"ఏం తెలుసు?"

"పొద్దున విండోలోంచి చూశాను. నువ్వు నా హెయిర్ డ్రయ్యర్‌తో బండికి బ్లో డ్రై చేస్తున్నావు. ఇప్పుడు దాన్లోంచి గ్యాసొలిన్ స్మెల్ వస్తోంది."

"మరి ఇందాక, నేనే ఫిక్స్ చేశానని..."

"అమ్మా నేనూ బెట్ వేసుకున్నాం. ఆ అన్నకి నువ్వు నిజం చెప్తావని అమ్మ అంది. నువ్వు చెప్పవని నేను అన్నాను. గెలవాలనే ఇందాక అలా చెప్పాను." నైనిక భుజాలు ఎగరేసింది. "నేను ఓడిపోయాను."

ట్రెయిల్ మీద పడ్డ సిగ్గు, ఇందాక బల్ల దగ్గర పడ్డ సిగ్గు, అన్నీ ఒక ఎత్తు. పద్నాలుగేళ్ళ పిల్ల ఏ తడబాటూ లేకుండా తండ్రి అబద్ధమాడతాడని పందెం కాయడం ఒక ఎత్తు. ఆ పిల్ల తప్పేం లేదు. ఉన్న సమాచారంతో సరిగ్గానే కాసింది.

"నువ్వెలా నమ్మావు?" అని దుర్గని అడిగాడు, ఆమె వైపు చూడకుండా.

"అంతగా నమ్మలేదండీ. నమ్మితే గారెలు ఎందుకు చేస్తాను?" అంది దుర్గ. "మీరు చెప్పకపోతే చల్లారిన ఇంజనైనా చెప్తుందని చేశాను. వాడు చూడనే చూడనంటే నాకూ గుండె ఆగింది."

"పందెం ఏమిటి?"

"ఓడినవాళ్ళు అంట్లు తోమాలి," అంది దుర్గ.

నైనిక నిట్టూర్చి సింకు దగ్గరికి వెళ్ళింది. పెళ్ళివారి వంటకి పడ్డన్ని గిన్నెలు అక్కడ గుట్టగా ఉన్నాయి. చేతులు పైకి మడిచి మూకుడు, పీచు తీసుకుంది. పరంధామయ్య వెళ్ళి ఆ పిల్ల చేతిలోంచి పీచు తీసుకున్నాడు.

"బెట్ ఓడింది నేను," అంది నైనిక.

"నీచేత అలాంటి పందెం కాయించింది నేను," అన్నాడు పరంధామయ్య.

ఆ పిల్ల ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తర్వాత పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన తోమి ఇస్తుంటే ఒక్కొక్క గిన్నె తీసుకుని, లైటు కిందకి ఎత్తి, తిప్పి తిప్పి చూసి, సగం గిన్నెలు వెనక్కి ఇచ్చేసింది. పరంధామయ్య కిక్కురుమనకుండా వాటిని మళ్ళీ తోమాడు.